ఊపిరితిత్తికి పంక్చర్ పడితే

సైకిల్ ట్యూబుకి పంక్చర్ ఎక్కడ పడిందో కనిపెట్టడం మనలో చాలామందికి ఏ ల్యాబూ నేర్పకుండానే వచ్చిన విద్య. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పితే ఎక్కడో ఒకచోట బుడగలు లేస్తాయి. అక్కడ వేలు పెట్టి, తుడిచి, ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించడమే. ఊపిరితిత్తుల ఆపరేషన్ చివర్లో సర్జన్లు చేసేది కూడా దాదాపు ఇదే. ఛాతీలో గోరువెచ్చటి సెలైన్ పోస్తారు. మత్తు డాక్టరు ఊపిరితిత్తిలోకి మెల్లగా గాలి ఎక్కిస్తారు. మిగతావాళ్ళంతా బుడగల కోసం చూస్తారు.

మినీ ప్రాజెక్ట్ టాపిక్ కోసం కూర్చున్న రోజు ఈ సంగతి చెబితే మా బ్యాచ్ వాళ్ళు నవ్వారు. "ఈ కాలంలో ఇంకా నీళ్ళు పోసి బుడగలు చూడటమేంట్రా! ఒక కెమెరా, ఒక మోడల్ పడేస్తే అదే పట్టేస్తుంది కదా" అన్నాడు ఒకడు. ఇంకొకడు అప్పుడే దానికి పేరు కూడా పెట్టేశాడు. మన కాలేజీలో ప్రాజెక్టుకి ముందు పేరు పుడుతుంది, తర్వాత సమస్య పుడుతుంది.

నా అభిప్రాయం ఏంటంటే, ఈ విషయంలో మనం తప్పు చోట వెతుకుతున్నాం. బుడగని చూడటం అంత కష్టమేమీ కాదు. చూసిన బుడగని ఏం చేయాలి, వదిలేయాలా, కుట్టేయాలా, ఇంకో రోజు ఆగాలా అన్నది తేల్చుకోవడం కష్టం. ఆ తేల్చుకోవడం ఎక్కువసార్లు జరిగేది లైట్లు వెలిగే ఆపరేషన్ థియేటర్లో కాదు, వార్డులో, మంచం కింద పెట్టిన ఒక నీళ్ళ సీసా ముందు. మన చదువు పనికొస్తే అక్కడ పనికిరావాలి.

ముందు లీక్ ఎందుకొస్తుందో చూద్దాం. మన ఊపిరితిత్తుల్లో గాలి గదులు దాదాపు 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే మన హాస్టల్ గదులు నాలుగైదు కలిపినంత. ఇంత సంచి, ఇంత పల్చటి గోడ. దీని చుట్టూ రెండు పొరల మధ్య సన్నటి సందు ఉంటుంది. అక్కడ ఒత్తిడి మామూలుగా బయటి గాలి కంటే సుమారు 5 సెంటీమీటర్ల నీటిమట్టమంత తక్కువ. ఊపిరితిత్తి విచ్చుకుని ఉండటానికి కారణం ఆ చిన్న తేడానే. ఆ సందులోకి గాలి దూరిందంటే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

ఛాతీ తెరవడానికి సర్జన్లు చాలాకాలం భయపడింది అందుకే. 1904లో జర్మనీలో జౌయర్‌బ్రుక్ అనే సర్జన్ ఏం చేశాడంటే, ఒక గదంత పెట్టె కట్టించి లోపల గాలి ఒత్తిడి తగ్గించాడు. రోగి ఒళ్ళు పెట్టె లోపల, తల మాత్రం బయట. సర్జన్లు కూడా పెట్టెలోపలే నిలబడి ఆపరేషన్ చేసేవారు. తర్వాత గొంతులో గొట్టం వేసి గాలి లోపలికి కొట్టే పద్ధతి వచ్చాక ఆ పెట్టె మ్యూజియం పాలైంది. మెకానికల్ వాళ్ళు గర్వపడాల్సిన ఘట్టమే, కాకపోతే మనకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు క్యాన్సర్‌కో, టీబీ మిగిల్చిన పాడుకో, పగిలే బుడ్డలకో ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేస్తారు. కుడివైపు మూడు లోబ్‌లు, ఎడమవైపు రెండు. పుస్తకంలో బొమ్మ చూస్తే లోబ్‌కీ లోబ్‌కీ మధ్య గీత గీసినట్టు చీలిక కనిపిస్తుంది. నిజం మనుషుల్లో ఆ చీలిక చాలాసార్లు సగంలోనే ఆగిపోతుంది, మిగతా సగం రెండు లోబ్‌లూ అతుక్కునే ఉంటాయి. ఆ అతుకు విడదీసిన చోటే గాలి ఎక్కువగా కారుతుంది. గతంలో టీబీ వచ్చి ఊపిరితిత్తి ఛాతీ గోడకి అంటుకుపోయి ఉంటే, ఒలిచేటప్పుడు ఇంకొన్ని చోట్ల చిరుగుతుంది. ఏళ్ళ తరబడి పొగతాగి ఎంఫిసీమా వచ్చినవాళ్ళ ఊపిరితిత్తి అయితే తడిసిన కాగితమే అనుకోండి. సూది గుచ్చితే సూది పడిన రంధ్రం నుంచే గాలి కారుతుంది.

ఇక వెతకడం. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపేస్తారు. రెండు దారులున్న ప్రత్యేకమైన గొట్టం వేసి, ఒక ఊపిరితిత్తితోనే మనిషిని నడిపిస్తారు. అంటే గాలి తీసేసిన ట్యూబు మీద పని చేస్తున్నారన్నమాట. గాలి లేని ట్యూబులో పంక్చర్ దొరకదు కదా. అందుకే చివర్లో సెలైన్ పోసి, 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా మెల్లగా ఊదుతారు. ఎక్కువ ఊదితే లేని లీకు పుట్టించినట్టే. తక్కువ ఊదితే ఉన్నది దాక్కుంటుంది. ఈ రోజుల్లో చిన్న కన్నాల్లోంచి కెమెరా పెట్టి చేస్తారు కాబట్టి ఇంకో తలనొప్పి ఉంది. ఊపిరితిత్తి ఉబ్బగానే గది నిండిపోతుంది, కెమెరాకి చోటుండదు. వెనక్కి, కిందికి తిరిగి ఉన్న ముఖం మీది చిరుగు కనపడదు. నురగ కమ్ముకుంటే బుడగ ఎక్కణ్ణుంచి లేచిందో తెలియదు. మా వాడన్న కెమెరా మోడల్‌కి కూడా ఇదే గతి. కనపడని చోటు కనపడదు, ఎంత ట్రైన్ చేసినా.

బుడగలకి ఒక స్కేలు కూడా ఉంది. లేకపోతే 0, లెక్కపెట్టగలిగితే 1, ధారగా వస్తే 2, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొంగితే 3. దీన్ని మాకియారినీ స్కేలు అంటారు. ఆ పేరు గల ఇటలీ సర్జన్‌కే కృత్రిమ శ్వాసనాళాల వ్యవహారంలో 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు జైలుశిక్ష వేసింది. స్కేలు మాత్రం ఇంకా వాడుకలో ఉంది, పనికొస్తుంది కాబట్టి.

నీళ్ళతో పాటు ఇంకో కొలత కూడా ఉంది. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపింది, ఎంత తిరిగొచ్చింది అని చూపిస్తుంది. 500 మిల్లీలీటర్లు వెళ్ళి 430 తిరిగొస్తే 70 ఎటో పోయినట్టు. నిమిషానికి 14 ఊపిరులనుకుంటే దగ్గరదగ్గర లీటరు. థర్మోడైనమిక్స్ మొదటి యూనిట్‌లో కంట్రోల్ వాల్యూమ్ గీసి, లోపలికొచ్చింది మైనస్ బయటికెళ్ళింది అని రాస్తాం చూడండి, ఇదే అది. లీకు ఎక్కడుందో నీళ్ళు చెబుతాయి, ఎంతుందో వెంటిలేటర్ చెబుతుంది. రెండూ కావాలి.

లీక్ దొరికింది. ఇప్పుడేం చేయాలి?

మనకైతే జవాబు తెలుసు. బాయిలర్‌కి హైడ్రాలిక్ టెస్ట్ చేసినా, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ దగ్గర సబ్బునీళ్ళు పూసినా, లీకు సున్నా కావాలి. ఒక్క బుడగ కనపడినా ఫెయిల్. ఊపిరితిత్తి దగ్గర ఈ బుద్ధి పనిచేయదు. నాకు ఈ సబ్జెక్టు మీద మోజు పుట్టింది కూడా ఈ మలుపు దగ్గరే. పెద్ద చిరుగైతే కుట్టాలి, స్టేప్లర్ వేయాలి, శ్వాసనాళపు మొండెం నుంచి కారుతుంటే అసలు ఉపేక్షించకూడదు. కానీ సన్నటి బుడగలు నాలుగు లేస్తున్నాయని నాలుగు కుట్లు వేస్తే, కుట్లు పడిన ఎనిమిది రంధ్రాలు కొత్తగా వస్తాయి. పైగా కుట్టిన చోట ఊపిరితిత్తి ముడతపడి పూర్తిగా విచ్చుకోదు. విచ్చుకుని ఛాతీ గోడకి ఆనుకోవడమే అసలు మందు. ఆనుకుంటే ఒకటి రెండు రోజుల్లో జిగురు పొర కట్టి దానంతటదే మూసుకుంటుంది. ప్యాచ్ మనం వేయక్కర్లేదు, ఒళ్ళే వేసుకుంటుంది, దానికి చోటూ సమయం ఇవ్వాలి అంతే.

మరి జిగుర్లు లేవా అంటే, బోలెడున్నాయి. ఫైబ్రిన్ గ్లూ, పూతలా వేసే హైడ్రోజెల్‌లు, అంటించే పట్టీలు, స్టేపుల్ వరస కింద దన్నుగా వేసే పశువుల గుండెపొర ముక్కలు. ప్రొజెల్ అనే హైడ్రోజెల్‌కి 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన కోక్రేన్ సమీక్ష మాత్రం మన ఉత్సాహం మీద కొంచెం నీళ్ళు చల్లుతుంది. సీలెంట్లు వాడితే ఆపరేషన్ తర్వాత లీకులు తగ్గాయి, గొట్టం తీసే రోజు కూడా ముందుకొచ్చింది, కానీ ఆసుపత్రిలో ఉండే రోజులు ప్రతిసారీ తగ్గలేదు అని తేల్చింది. అంటే థియేటర్లో బుడగలు ఆగడం వేరు, మనిషి త్వరగా ఇంటికి పోవడం వేరు. ఈ రెండింటి మధ్య ఇంకేదో ఉంది. నా దృష్టిలో ఆ "ఇంకేదో"లో పెద్ద వాటా సీసాది.

ఆ సీసా గురించి చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక పక్కటెముకల మధ్యలోంచి ఒక గొట్టం ఛాతీలో ఉంచి, రెండో చివర సీసాలో నీటి కింద 2 సెంటీమీటర్ల లోతులో పెడతారు. వార్డుల్లో అందరూ ఐసీడీ అంటారు. లోపలి గాలి నీళ్ళలోంచి బుడగగా బయటికి రాగలదు, బయటి గాలి వెనక్కి పోలేదు. కదిలే భాగం ఒక్కటి లేని నాన్-రిటర్న్ వాల్వ్. హాంబర్గ్‌లో గొట్టార్డ్ బ్యూలౌ అనే డాక్టరు 1875లో మొదలుపెట్టాడు, 1891లో రాసి ప్రకటించాడు. ఇన్నేళ్ళుగా రోజూ పనిచేస్తున్న యంత్రం ఇది. కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాదు. దీన్ని చూసి నవ్వేవాళ్ళంటే నాకు జాలి. 1960ల్లో అమెరికాలో హైమ్లిక్, అవును, గొంతులో ఏదైనా అడ్డుపడితే పొట్ట నొక్కే పద్ధతికి పేరున్నాయనే, నీళ్ళ బదులు మెత్తటి రబ్బరు నాలుక పెట్టి చిన్న వాల్వ్ చేశాడు. అది పెట్టుకుని రోగి లేచి తిరగొచ్చు. వియత్నాం యుద్ధంలో బాగా వాడారు.

మా పెదనాన్న మార్కాపురం దగ్గర పలకల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా కాపురం పెడుతుంది. టీబీ మందులు పూర్తిగా వాడాడు, నయమైంది అనుకున్నాక ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి, అది గట్టిపడి తొక్కలా బిగుసుకుంది. ఆ తొక్క ఒలిచే ఆపరేషన్‌ని డీకార్టికేషన్ అంటారు, చెట్టు బెరడు ఒలవడం అనే అర్థంలోనే. ఒలిచాక ఊపిరితిత్తి ఒళ్ళంతా గీసుకుపోయినట్టు అవుతుంది కాబట్టి గాలి కారడం మామూలే అని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆయన చాలా ఓపికమంతుడు. మాకు అర్థమయ్యేదాకా చెప్పాడు.

సీసా 11 రోజులు ఉంది. నా సెమిస్టర్ సెలవులు కాబట్టి రాత్రిళ్ళు నేనే ఉండేవాణ్ణి. పెదనాన్న దగ్గితే సీసాలో బుడబుడమనేది. "ఏరా, వస్తున్నాయా?" అని అడిగేవాడు. వస్తున్నాయంటే ఒక మొహం, లేవంటే ఒక మొహం. పొద్దున రౌండ్స్‌లో ఒక డాక్టరు "దగ్గండి" అని, చూసి, లీక్ ఉంది అని రాసేవారు. సాయంత్రం డ్యూటీ డాక్టరు "ఆగినట్టే ఉంది కదా" అనేవారు. మర్నాడు పొద్దున మళ్ళీ నాలుగు బుడగలు. ఇద్దరూ శ్రద్ధగల డాక్టర్లే, ఎవరిదీ అబద్ధం కాదు. పక్క మంచం వాళ్ళ పెద్దమ్మ ఒకావిడ, ఆయన సీసా చూసి నాకే రిపోర్టు ఇచ్చేది, "నిన్నటికంటే సన్నగొచ్చినయ్ బాబూ" అని. పెదనాన్న ఇంట్లో లేని ఒక్కో రోజూ ఇంట్లో ఎంత ఖర్చో, ఎన్ని పనులు ఆగాయో ఆయన మంచం మీద లెక్కేసుకుంటూ ఉండేవాడు. నేనేమో సీసా చూస్తూ ఇంకో లెక్క వేసుకునేవాణ్ణి.

ఆ లెక్క మీరూ వేయండి. బుడగ గుండ్రంగా ఉంది, అడ్డుకొలత 1 సెంటీమీటరు అనుకుందాం. ఘనపరిమాణం దాదాపు అర మిల్లీలీటరు. నిమిషానికి 60 బుడగలొస్తే 30 మిల్లీలీటర్లు. ఇప్పుడు బుడగ ఒకటిన్నర సెంటీమీటర్లు అనుకోండి, లెక్క అదే 60. ఘనం కాబట్టి మూడు రెట్లు దాటిపోతుంది, నిమిషానికి 100 మిల్లీలీటర్ల పైనే. కంటికి రెండూ "బుడగలొస్తున్నాయి"యే. బుడగ సైజు లీకుని బట్టి మాత్రమే కాదు, గొట్టం చివర ఎంత వెడల్పుంది, ఎలా తెగి ఉంది అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. పైగా మనిషి అప్పుడే లేచి కూర్చున్నాడా, నొప్పికి భయపడి పైపైన దగ్గాడా అన్నది ఇంకొకటి. ఇన్ని ఉండగా ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెబితే ఆశ్చర్యపోవాలి.

స్పెయిన్‌లోని సలమాంకాలో సర్జన్లు ఇదే పరీక్షించి 2009లో ప్రచురించారు. గొట్టం తీయొచ్చా లేదా అని ఇద్దరు సర్జన్లని విడివిడిగా అడిగితే, మామూలు సీసా చూసి చెప్పినప్పుడు సగం కంటే కొంచెం ఎక్కువసార్లే ఏకీభవించారు. అంకె చూపించే డిజిటల్ యంత్రం చూసి చెప్పినప్పుడు పదింట తొమ్మిది దాటింది. కన్ను చెడ్డదని కాదు. చూడటానికి కంటికి సరైనది ఏదీ ఇవ్వలేదు, అదీ సంగతి.

డిజిటల్ యంత్రాలు 2000ల చివర్లోనే వచ్చేశాయి. మెడెలా కంపెనీ థోపాజ్ లాంటివి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు కారుతోందో చూపిస్తాయి, గత గంటల గ్రాఫ్ గీస్తాయి. చాలాచోట్ల నిమిషానికి 20 నుంచి 40 మిల్లీలీటర్ల లోపు కొన్ని గంటలపాటు నిలిస్తే గొట్టం తీసేస్తారు. చూశారా, సున్నా అనలేదు. గ్రాఫ్ కిందికి వస్తోందా అన్నదే అసలు ప్రశ్న. 2014లో వచ్చిన ఒక బహుళ దేశాల ట్రయల్‌లో వీటివల్ల ఆసుపత్రిలో గడిపేది సుమారు ఒక రోజు తగ్గింది. మరుసటి ఏడు కెనడాలో ఒటావా వాళ్ళు చేసిన ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో ఫలితం దాచి మొదటిదే పోస్టర్ మీద వేయడం మన ఎక్స్‌పో అలవాటు. నాకు ఈ రెండూ కలిపి చూస్తే అనిపించేది వేరే. సీసా చూసి తేల్చడంలో ఒక పద్ధతి ఉన్నచోట యంత్రం కొత్తగా చేసేది తక్కువ. ప్రతి షిఫ్టుకీ చూసే మనిషి మారిపోయే వార్డులో ఎక్కువ. అలాంటి వార్డులు మన దగ్గర ఎక్కువ, ఆ యంత్రాలు మాత్రం పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే ఎక్కువ.

లీకు 5 రోజులు దాటితే దాన్ని ప్రొలాంగ్డ్ అంటారు. అప్పుడు వచ్చే చికిత్సలు చూస్తే మనకి ఇంకా ముద్దొస్తాయి. మొదటిది, సక్షన్ తీసేసి చూడటం. లోపలి గాలిని గట్టిగా లాగితే ఊపిరితిత్తి త్వరగా విచ్చుకుంటుందని మామూలు తెలివి చెబుతుంది. కానీ చిరుగుకి అటూ ఇటూ ఒత్తిడి తేడా పెంచితే గాలి ఇంకా జోరుగా కారుతుంది, చిరుగు మూసుకునే తీరిక ఉండదు. అమెరికాలో సెర్ఫోలియో బృందం 2001 నాటి ట్రయల్‌లో సక్షన్ ఆపి ఉత్త నీళ్ళ సీసా మీద ఉంచినవాళ్ళకే లీకులు తొందరగా ఆగాయని చూపించింది. అందరికీ వర్తించదు, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంటే లాగక తప్పదు. దాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

రెండోది అన్నిటికంటే చవక. రోగి చేతి నరం నుంచి 50, 100 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టకముందే ఆ గొట్టంలోంచే ఛాతీలోకి పంపుతారు. గొట్టం బిగించేస్తే గాలి ఇరుక్కుపోతుంది కాబట్టి, బిగించకుండా స్టాండు మీదికి ఎత్తి కడతారు. రక్తం దిగదు, గాలి మాత్రం పోతుంది. లోపల అది గడ్డకట్టి చిరుగు మీద పేరుకుంటుంది. చెరువు గట్టుకి సన్న బుంగ పడితే ఒండ్రు చేరి దానంతటదే పూడుకున్నట్టు. 1987 నుంచీ ఉన్న పద్ధతి, ఖర్చు ఒక సిరంజి.

మూడోది పైప్‌లైన్ వాళ్ళ పని. బ్రాంకోస్కోప్ పంపి, చివర బెలూన్ ఉన్న సన్నగొట్టంతో శ్వాసనాళపు కొమ్మల్ని ఒక్కొక్కటే మూస్తూ పోతారు. ఇంకొకరు సీసా చూస్తుంటారు. ఏ కొమ్మ మూస్తే బుడగలు ఆగాయో లీకు ఆ కొమ్మలో ఉన్నట్టు. ఊళ్ళో నీళ్ళ పైపు ఎక్కడో పగిలితే గేటు వాల్వులు ఒక్కొక్కటే కట్టేసి చూడమూ, అంతే. తర్వాత ఆ కొమ్మలో ఒకవైపు మాత్రమే తెరుచుకునే బుల్లి వాల్వ్ పెడతారు. గాలి లోపలికి పోదు, కఫం బయటికి రాగలదు. అసలు ఎంఫిసీమా కోసం చేసిన వాల్వులివి. 2008లో అమెరికాలో వీటిలో ఒకదానికి ఇలాంటి లీకుల కోసం ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఖరీదు మాత్రం మా పెదనాన్నలాంటివాళ్ళు అడగాల్సింది కాదు. ఇక్కడ కూడా గమనించండి, వాల్వు ఎక్కడ పెట్టాలో చెప్పింది మళ్ళీ ఆ సీసాలో బుడగలే.

ఇంకో చిన్న ముచ్చట. టీబీకి మందుల్లేని రోజుల్లో, మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానటోరియంలు కట్టిన కాలంలో, ప్రపంచమంతా డాక్టర్లు కావాలనే సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించేవారు. ఇటలీలో ఫోర్లనీని 1882లో ప్రతిపాదించాడు. పుండు పడిన ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటే మానుతుందని. ఒక తరం గాలి ఎక్కించడానికి తంటాలు పడింది, ఇంకో తరం తీయడానికి.

ఇప్పుడు మన ప్రాజెక్టు సంగతి. సీసాని తీసేసి కొత్త యంత్రం పెట్టాలనుకోవడం నాకు నచ్చదు. సీసాని అలాగే ఉంచి, దానికి ఒక అంకె చేర్చాలి. సీసా మూతకి రెండు కన్నాలుంటాయి. ఒకటి ఛాతీ గొట్టానిది, అది నీళ్ళలో మునిగి ఉంటుంది. రెండోది పైన గాలిలోకి తెరుచుకుని ఉంటుంది. ఛాతీలోంచి వచ్చిన గాలి అంతా, ఒక్క బుడగ కూడా తప్పించుకోకుండా, ఆ రెండో కన్నంలోంచే పోవాలి. అక్కడ ఫ్లో సెన్సార్ పెడితే రక్తం తగలదు, చీము తగలదు, రోగివైపు గొట్టాన్ని ముట్టుకోనక్కర్లేదు. సక్షన్ పెట్టనప్పుడు మాత్రమే సుమా, పెడితే ఆ కన్నం దానికి పోతుంది.

చెప్పినంత తేలికైతే ఎవరో చేసేసేవారు. నిమిషానికి 30 మిల్లీలీటర్లంటే సెకనుకి అర మిల్లీలీటరు, చాలా సన్నటి ధార. ఊపిరితో పాటు గొట్టంలో నీటిమట్టం పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, లీకు లేకపోయినా ఆ కన్నం దగ్గర గాలి కాస్త ముందుకీ వెనక్కీ కదులుతుంది. కొన్ని ఊపిరుల సగటు తీయకపోతే ఊపుని లీకనుకుంటాం. గాలిలో తేమ సెన్సార్ మీద పేరుకుంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకోటి ఒక ఎత్తు. ఆ కన్నం మూసుకుపోతే మనిషి ప్రాణానికే ముప్పు. బయటికి పోలేని గాలి ఛాతీలో పేరుకుని, గుండెని పక్కకి నెట్టేస్తుంది. కాబట్టి మన సెన్సార్ పాడైనా, తడిసినా, బ్యాటరీ అయిపోయినా, దుప్పటి కింద నలిగినా గాలికి దారి ఉండి తీరాలి. నాకు తోచింది, పక్కనే ఒక సెంటీమీటరు నీళ్ళున్న ఇంకో చిన్న సీసా. సెన్సార్ దారి మూసుకుంటే గాలి దానిలోంచి బుడగై పోతుంది, పోతున్నట్టు చప్పుడుతో చెబుతుంది కూడా. బ్యూలౌ సీసాకి కాపలా ఇంకో బ్యూలౌ సీసా. ఈ భాగం తేలకుండా యాప్ గురించి, రంగుల గురించి మాట్లాడటానికి నేను రాను.

మొదట పరీక్షించడానికి మనిషి అక్కర్లేదు, ఉండకూడదు కూడా. మూత బిగించిన డబ్బాలోకి నీళ్ళు వదిలితే ఎంత నీరు లోపలికెళ్తే అంత గాలి బయటికి వస్తుంది. కొలిచిన గాలి, ఉచితంగా. దాన్ని సీసాకి కలిపి 10, 30, 100 మిల్లీలీటర్ల దగ్గర మన అంకె ఎంత వస్తుందో చూడొచ్చు. పక్కన ఇద్దరిని కూర్చోబెట్టి కళ్ళతో చూసి చెప్పమంటే సలమాంకా పరీక్ష మన ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులోనే చిన్నసైజులో చేసినట్టు. వార్డుదాకా పోవాలంటే ఎథిక్స్ కమిటీ ఉంది, 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ఉన్నాయి, పరికరాన్ని ఏ తరగతిలో వేస్తారో చూసుకోవాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది కాబట్టి టెస్టింగ్‌కి ఎక్కడికో పోవాల్సిన పనీ లేదు. అది తర్వాతి మాట.

పెదనాన్న గొట్టం 11వ రోజు తీశారు. ఇప్పుడు మేకల వెంట తిరుగుతున్నాడు, ఎత్తు ఎక్కితే ఆయాసం ఉంది.

మెకానికల్ నుంచి ఇద్దరం ఉన్నాం. తేమలో కూడా నిలబడి, సెకనుకి అర మిల్లీలీటరు పసిగట్టే సెన్సార్ గురించి తెలిసిన ఈసీఈ వాళ్ళు ఒక్కరు కావాలి. గురువారం సాయంత్రం ఫ్లూయిడ్స్ ల్యాబు తాళం మా దగ్గరే ఉంటుంది. మూత గట్టిగా బిగిసే ఐదు లీటర్ల డబ్బా ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి, మెస్ నుంచి అడిగితే ఇవ్వలేదు.